దశమభాగం ముందా, అప్పు ముందా

పాలంపేట

బిడ్డా,

మొదటి జీతం వచ్చిందని, అందులో పదో వంతు సంఘానికి ఇవ్వాలా, నాయన చేసిన అప్పు కట్టాలా అని అడిగావు. ముందు అప్పు కట్టు.

ఇది నా సొంత తెలివి కాదు. మార్కు సువార్త ఏడో అధ్యాయం తీసి చూడు. అమ్మానాయనల అక్కరకు పోవాల్సిన సొమ్మును దేవునికి మొక్కేశామని చెప్పి చేతులు దులుపుకునేవాళ్లను యేసు గట్టిగానే మందలించాడు. మత్తయి ఇరవై మూడులో పరిసయ్యుల సంగతి ఉంది. పుదీనా, జీలకర్ర దాకా కొలిచి పదో వంతు ఇచ్చారు, న్యాయాన్నీ కనికరాన్నీ మాత్రం గాలికొదిలారు. ఇవ్వడం తప్పని ఆయన అనలేదు, అదీ ఇదీ రెండూ చేయమన్నాడు. యాకోబు తన పత్రికలో అయితే కోత కోసినవాళ్ల కూలి ఎగ్గొట్టిన ఆసాముల మీద విరుచుకుపడ్డాడు. రామప్ప చెరువు కింద నాట్లేయించుకుని, కూలికి వారాలు తిప్పి, ఆదివారం కానుక సంచిలో ఐదువందల నోటు వేసేవాళ్లు ఆ పత్రిక ఒక్కసారైనా చదవాలి.

ఒకటిస్తే నూరంతలు తిరిగొస్తుందని టీవీలో చెప్పే బోధ నీ చెవిన పడే ఉంటుంది. నాకది చీటీ కట్టినట్టే అనిపిస్తుంది. భక్తిని లాభసాటి బేరం అనుకునేవాళ్ల గురించి పౌలు తిమోతికి అప్పుడే హెచ్చరిక రాశాడు. అదే అధ్యాయంలో కీడుకు మూలమని అన్నది డబ్బును కాదు, డబ్బు మీది ఆశను. అంచేత జీతం గురించి నువ్వు సిగ్గుపడాల్సిన పని లేదు.

అప్పు తీరేదాకా ఏమీ ఇవ్వొద్దా అంటావేమో. మన పాత వరంగల్ జిల్లాలోని డోర్నకల్ మాట చెప్తాను. వేదనాయకం శామ్యూల్ అజరయ్య తమిళనాడు నుంచి వచ్చి, తెలుగు నేర్చుకుని, 1912లో అక్కడ బిషప్ అయ్యాడు. ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్ ఆయనే. ఆయన మందలో ఎక్కువమంది మాల, మాదిగ కూలీలు. వాళ్ల దగ్గర ఇవ్వడానికేముంటుందని ఆయన అనుకోలేదు. బీదవాళ్లని కానుక అడక్కపోవడం వాళ్లను చిన్నచూపు చూడడమేనని నా నమ్మకం కూడా. ఆడవాళ్లు ఎసట్లో పోసే ముందు బియ్యంలోంచి పిడికెడు తీసి వేరే కుండలో వేసేవారు, ఆదివారం గుడికి తెచ్చేవారు. ఆ కుండకు దశమభాగం లెక్క లేదు, రసీదూ లేదు. ఆయన కట్టించిన పెద్ద గుడి 1939లో ప్రతిష్ఠ అయింది. క్రైస్తవులు కానుకలివ్వడం గురించి ఆయన ఒక పుస్తకమే రాశాడు.

ఇచ్చినవాళ్ల పేరు సంగతి కూడా చెప్పాలి. ఇక్కడి గుడి 1213లో కట్టించిన రేచర్ల రుద్రుడు దేవుడికి రుద్రేశ్వరుడని తన పేరే పెట్టాడు. జనం మాత్రం శిల్పి పేరని చెప్పుకుంటూ రామప్ప గుడి అంటున్నారు. 2021లో యునెస్కో తన వారసత్వ జాబితాలో రెండు పేర్లూ రాసుకుంది. మన ప్రార్థన మందిరాల్లో ఫ్యాను రెక్కల మీద దాత పేరు ఎర్రరంగుతో రాయిస్తారు. స్విచ్చేస్తే ఎలాగూ కనపడదు!

మీ నాయన అప్పు ఎవరిదెంతో కాగితం మీద రాసి పంపు. ఎరువుల దుకాణం బాకీ వేరు, మిత్తికి తెచ్చింది వేరు. మిత్తి ఎక్కువున్నది ముందు తెంపుదాం. కానుక ఎంతన్నది నువ్వే చూసుకో, నాకు చెప్పాల్సిన పని లేదు.

మీ తాత