ఇల్లు బాగుచేసుకుంటున్నారా? ఊపిరితిత్తులు జాగ్రత్త!

మార్కాపురం, గిద్దలూరు వైపు పాత ఇండ్లలో రాతి గోడలు, బండల నేల ఎక్కువ. కూలి ఖర్చు భరించలేక భార్యాభర్తలే గోడ పడగొట్టి గది పెంచుకుంటుంటారు. కష్టపడి కట్టుకోవడం మంచిదే. కాని ఆ దుమ్ము సంగతి తెలుసుకోవాలి.

రాయి, ఇసుక, టైల్సులలో సిలికా ఉంటుంది. పొడిగా కోస్తే కంటికి కనిపించనంత సన్నని ధూళి లేచి ఊపిరితిత్తులలో చేరి మచ్చలు కడుతుంది. ఈ జబ్బు పేరు సిలికోసిస్. దీనిని నయం చేసే మందు లేదు. క్షయ కూడా సులభంగా సోకుతుంది. మధ్యప్రదేశ్‌లోని మందసౌర్‌లో బలపాలు కోసే కార్మికులు ఎందరో చిన్న వయసులోనే దీనివల్ల చనిపోయారు. ఒక్క ఇంటి పనితోనే ఇది వస్తుందని భయపడనక్కరలేదు. అయితే పలకల పనిలో ఇదివరకే దుమ్ము పీల్చినవారు మరింత జాగ్రత్తపడాలి.

చేయవలసినవి:

1. గోడను తడిపి పడగొట్టండి. రాయిని ఆరుబయట కోయండి. నీళ్లతో కోయడానికి తగిన మిషను కాకపోతే కరెంటు షాకు కొడుతుంది, జాగ్రత్త.
2. కండువా, చీర కొంగు చాలవు. ఎన్-95 మాస్కు బిగుతుగా కట్టుకోండి.
3. భర్త కోస్తే భార్య ఊడుస్తుంది. ఆమె పీల్చేదీ అదే దుమ్ము. నీళ్లు చల్లి ఊడవండి.
4. స్నానం చేసి, బట్టలు మార్చుకున్నాకే పిల్లలను ఎత్తుకోండి.
5. పాత సిమెంటు రేకులలో ఆస్‌బెస్టాస్ ఉంటుంది. పగలగొట్టకుండా, తడిపి దించండి.

దగ్గు రెండు వారాలకు మించినా, ఆయాసం వచ్చినా ఆసుపత్రికి రండి. మీరు చేసే పని ఏమిటో డాక్టరుగారికి తప్పక చెప్పండి.

కొత్త గదిలో మీరందరూ ఆరోగ్యంగా నివసించునట్లు దేవుడు మిమ్మును దీవించును గాక.