పెద్దబిడ్డ చదువు ఆపొద్దు

దేశాయిపేట, వరంగల్

కొడుకా,



మీ అమ్మ ఫోన్ చేసి అంతా చెప్పింది. పదో తరగతి పాసైన పెద్దబిడ్డను ఇక చదివించనని అన్నావట. హనుమకొండలో బట్టల దుకాణంలో పనికి మాట్లాడి కూడా వచ్చావట. దాని జీతం గిరిగిరి అప్పు వాళ్ల రోజు కిస్తీకి సరిపోతుందని నీ లెక్క. కోడలికి ఐదో కాన్పు, ఇంట్లో చేతికింద ఒకరు ఉండాలన్నది ఇంకో మాట. ఫోన్‌లో చెప్తే ‘సరే పెద్దనాయనా’ అని పెట్టేస్తావు. అందుకే రాస్తున్నా. కోడలికి కూడా చదివి వినిపించు.

ఎనుమాముల మార్కెట్లో బస్తాలు మోసి ఏడుగురిని పెంచినవాణ్ని, నీ ఇబ్బంది నాకు తెలుసు. పది నోళ్ల సంసారంలో కరువొస్తే దాని బరువు అందరిమీదా ఒక్కతీరుగా పడదు. తండ్రి కనిపెట్టుకొని ఉండకపోతే అది నేరుగా పెద్దాడపిల్ల నెత్తిమీదికే పోతుంది. చంటిదాన్ని ఎత్తుకునేది అదే, నీళ్లు పట్టేది అదే, అమ్మకు జ్వరమొస్తే బడి మానేది అదే. ఊరంతా ‘ఎంత బుద్ధిమంతురాలో’ అని మెచ్చుకుంటుంది. ఆ మెప్పు విని మనం నిమ్మళంగా ఉంటాం. అది నోరు తెరిచి అడగదు కాబట్టి దానికేమీ వద్దనుకుంటాం.

యోబు గురించి ప్రసంగాల్లో ఎన్నోసార్లు విన్నావు. ఓర్పు గురించే చెప్తారు. నేను మాత్రం ఆయన్ను పదిమంది పిల్లల తండ్రిగా చదువుకున్నాను. ఏడుగురు కొడుకులు, ముగ్గురు కూతుళ్లు. వాళ్లలో ఎవరు ఏ తప్పు చేశారోనని తెల్లవారుజామునే లేచి ఒక్కొక్కరి పేరిట బలి అర్పించేవాడు. అందరికీ కలిపి ఒక్కటి కాదు, ఎంతమంది ఉంటే అన్ని. కష్టాలన్నీ గడిచాక మళ్లీ ఏడుగురు కొడుకులు, ముగ్గురు కూతుళ్లు పుట్టారు. ఆ కొడుకుల పేర్లు గ్రంథంలో లేవు. కూతుళ్ల పేర్లున్నాయి: యెమీమా, కెజీయా, కెరెంహప్పుకు. అన్నదమ్ములతో పాటు వాళ్లకూ ఆస్తిలో వాటా ఇచ్చాడు. సర్వం పోగొట్టుకొని తిరిగి నిలబడిన తండ్రి ఆడపిల్లల విషయంలో చేసింది అది. మన దగ్గర పంచడానికి ఎకరాలు లేవు కొడుకా. నీ బిడ్డకు నువ్వివ్వగలిగిన వాటా చదువొక్కటే.

‘పిల్లల్ని చదివించడం నీకెట్ల సాధ్యమైంది’ అని అడుగుతావు. ప్రార్థనతో అంటే సగం చెప్పినట్టు అవుతుంది, మిగతా సగం చెప్తా విను. హమాలీ బతుకు కాలం మీద నడుస్తుంది. దసరా దాటితే పత్తి మొదలవుతుంది, ఫిబ్రవరి నుంచి మిర్చి. ఆ ఘాటుకు కళ్లు మండినా చేతిలో పైసలాడేవి అప్పుడే. ఎండలు ముదిరి వానలు పడేసరికి మార్కెట్ చల్లబడుతుంది. బడులు తెరిచేదీ సరిగ్గా అప్పుడే. పుస్తకాలు, బట్టలు, ఫీజులు అన్నీ సంపాదన లేని జూన్‌లో మీద పడతాయి. అందుకని మీ పెద్దమ్మ మిర్చి కాలంలోనే బడి పైసలు వేరే మూట కట్టి, బియ్యం సంగతి తర్వాత చూసేది. ఇంటి తిండికి అప్పు చేస్తే కిరాణం ఆయన ఆగుతాడు, బడి ఆగదు అనేది. 1983లో ఎన్టీ రామారావు కిలో రెండు రూపాయల బియ్యం పెట్టాక తిండి భయం కూడా కొంత తగ్గింది.

ఇంటి పని మీ పెద్దమ్మ మగపిల్లలకూ పంచింది. నీళ్లు మోసుడు, గిన్నెలు తోముడు వాళ్లకే. చుట్టాలు నవ్వారు, నవ్వనీ అన్నాం. దీపం పెట్టాక మా పెద్దబిడ్డ చేతికి చంటిపిల్లను ఇవ్వొద్దని ఇంట్లో కట్టడి. అది ఇంటర్ చదివి నర్సు కోర్సు చేసింది. ఇప్పుడు నెల జీతం తీసుకుంటోంది, దాని పిల్లలు ఇద్దరూ ఇంజనీరింగ్‌లో ఉన్నారు.

క్రిస్మస్‌కు చౌరస్తాలో ఒకే తాను కొని ఏడుగురికీ ఒక్క తీరుగా కుట్టించేవాళ్లం. యాకోబు ఒక్క యోసేపుకే రంగురంగుల అంగీ కుట్టించి ఇల్లెట్ల చీల్చుకున్నాడో తెలిసినవాళ్లం కదా. లేమి పిల్లల్ని విడదీయదు కొడుకా, వివక్ష విడదీస్తుంది. నీ రెండోవాణ్ని ప్రైవేటు బడిలో వేసి దీన్ని దుకాణానికి పంపితే, వాళ్లిద్దరూ పెద్దయ్యాక ఒకరి ముఖం ఒకరు ఎట్ల చూసుకుంటారో ఆలోచించావా?

ఇక నీ అప్పు. గిరిగిరి ఆయన చేతికి తొమ్మిది వేలిచ్చి రోజుకు వంద చొప్పున నూరు రోజులు కట్టించుకుంటున్నాడు. మిత్తి వెయ్యి రూపాయలే కదా అనిపిస్తుంది. కానీ అసలు రోజూ తగ్గుతూ పోతున్నా మిత్తి తగ్గదు. లెక్క కడితే ఏడాదికి నూటికి ఎనభై దాకా పడుతుంది. నీ బిడ్డ జీతం పోసినా నిండని కుండ అది. కోడలు మహిళా సంఘంలో ఉంది కదా, అక్కడ లోన్ అడగమను. అది రాగానే ముందు ఈ గిరిగిరి తెంపు. నీ ఆటో అమ్మాల్సి వచ్చినా సరే, కిరాయి ఆటో నడుపుకో. బిడ్డ చదువు మాత్రం తాకట్టు పెట్టకు.

మన ముత్తాతలకు ఇంతకన్నా ఏముండె? దోర్నకల్‌లో అజరయ్య అయ్యగారి కాలంలో బాప్తిస్మం పొందిన కూలివాళ్లు వాళ్లు. 1912లో ఆయన బిషప్ అయ్యేనాటికి ఆంగ్లికన్ సంఘంలో ఈ దేశపు మనిషి ఎవరూ ఆ పీఠం ఎక్కలేదు. అన్నం వండేముందు ప్రతి తల్లీ పిడికెడు బియ్యం దేవుని పేర పక్కన పెట్టాలన్న అలవాటు ఆ ఊళ్లల్లో పాతుకుంది. ఆ బియ్యంతోనే సంఘాలు తమ కాపరుల్ని పోషించుకున్నాయి. తమకే చాలని ఇంట్లో కూడా వాళ్లు తీసి పెట్టింది మిగిలినదాంట్లోంచి కాదు, మొదటి పిడికెడే. బడి పైసల మూట మీ పెద్దమ్మ కట్టిన పద్ధతి అదే.

కులం సర్టిఫికెట్ సంగతి కూడా చెప్పాలి. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులైన మన దళితులు ఎస్సీలు కాదు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు, మనల్ని వదిలేశారు. మనకు బీసీ–సీ, ఒక్క శాతం రిజర్వేషన్. ఇది అన్యాయమని నేను నమ్ముతాను. దీనిమీద కోర్టులో కేసు నడుస్తోంది, 2022లో జస్టిస్ బాలకృష్ణన్ కమిషన్ కూడా వేశారు. ఆ న్యాయం వచ్చేదాకా మన బిడ్డ వయసు ఆగదు. ఉన్న ఒక్క శాతాన్నైనా వదులుకోకుండా బీసీ–సీ సర్టిఫికెట్, ఆదాయం సర్టిఫికెట్ తీయించు. ఫూలే గురుకులాలున్నాయి, కస్తూర్బా విద్యాలయాల్లో చాలావాటిలో ఇంటర్ ఉంది, తిండీ పడకా అక్కడే. అవేవీ దొరకకపోతే ప్రభుత్వ జూనియర్ కాలేజీ ఉంది. బైపీసీ తీసుకుంటే నర్సింగ్ దారి తెరిచే ఉంటుంది.

ఇంకొక్క మాట, తండ్రి స్థానంలో ఉన్నాను కాబట్టి అంటున్నా. పిల్లలు దేవుడిచ్చిన స్వాస్థ్యం, ఆ సంగతి నాకు ఎవరూ నేర్పనక్కర్లేదు. ఆ తల్లి ఒళ్లు కూడా దేవుడిచ్చిందే. ఈ కాన్పుతో చాలు. ఆపరేషన్ నువ్వు చేయించుకో, కోడలిమీదికి తోయకు. మగవాళ్లది కోతా కుట్టూ లేని చిన్న పని, ఆడవాళ్లదానికన్నా చాలా తేలిక. మగతనం ఎక్కడికీ పోదు. సంఘంలో ఎవరన్నా ఏమన్నా అంటే నా దగ్గరికి పంపు.

కాన్పు టైంకు మీ పెద్దమ్మ వచ్చి నెలరోజులు మీ ఇంట్లో ఉంటానంది. కాబట్టి చేతికింద మనిషి లేదన్న మాట ఇక లేదు. సోమవారం పొద్దున బిడ్డను తీసుకొని మా ఇంటికి రా. పదో తరగతి మెమో, ఆధార్, రేషన్ కార్డు మర్చిపోకు. ముగ్గురం కలిసి మీసేవకు పోదాం. ఆలోగా ఆ దుకాణం ఆయనకు మా పిల్ల రాదని చెప్పేయ్. చెప్పడానికి మొహమాటమైతే నేనే వచ్చి చెప్తా.

మీ పెద్దనాయన