మొరాయించు కంప్యూటరు

మూగజీవమునకు జబ్బు చేసినపుడు పశువైద్యుడు దానిని ప్రశ్నింపలేడు. మేత ముట్టినదా, నెమరు వేయుచున్నదా, ఒడలు వెచ్చగా నున్నదా, ఏ వేళ నీరసించినది అని లక్షణములను బట్టి రోగమును నిర్ణయించును. మన యిండ్లలోని కంప్యూటరు కూడ నట్టి మూగదియే. అది చెడినపుడు తన బాధ యేమో స్పష్టముగ చెప్పజాలదు. కాని లక్షణములను మాత్రము చూపును. వానిని చదువ నేర్చినవాడు సగము చికిత్స చేసినట్లే.

కంప్యూటరునకు సామాన్యముగ వచ్చు రుగ్మతలు రెండు. పని చేయుచుండగనే తెర యున్నదున్నట్లు నిలిచిపోవును. మౌసు కదలదు, మీట నొక్కినను అక్షరము పడదు. దీనిని స్తంభించుట యందము. మరియొకప్పుడు తెర యంతయు నీలివర్ణముగనో నల్లగనో మారి, యంత్రము తనంతట తాను ఆగిపోవును, లేదా మొదటినుండి మరల ప్రారంభమగును. దీనిని కుప్పకూలుట యందము. చూచువారికి ఈ రెండును ఒక్క తీరుగనే విసుగు పుట్టించును. కాని వీని వెనుక నుండు కారణములు పెక్కులు.

కారణములను వెదకుటకు ముందు కంప్యూటరు అవయవములను గూర్చి కొంచెము తెలిసికొనవలెను. లెక్కలు చేయునది ప్రాసెసరు. దానిని కచేరీలోని గుమాస్తా యనుకొనుడు. గుమాస్తా ముందున్న బల్ల ర్యాము. అప్పటి పనికి కావలసిన కాగితములు మాత్రమే దానిపై నుండును. వెనుకనున్న బీరువా హార్డు డిస్కు. విద్యుత్తు పోయినను చెరగని దస్త్రము లన్నియు దానిలో నుండును. వీరికందరకు అన్నము పెట్టునది పవర్ సప్లై అను పెట్టె. లోపలి వేడిని వెలుపలికి త్రోయునది ఫ్యాను. అందరిచేతను క్రమముగ పని చేయించు పెత్తనదారు విండోసు వంటి ఆపరేటింగు సిస్టము. గుమాస్తాకు వడదెబ్బ తగిలినను, బల్ల ఇరుకైనను, బీరువా అరకు చెదలు పట్టినను, అన్నము వేళకు అందకున్నను, పెత్తనదారు తప్పు ఉత్తరువు నిచ్చినను బయటికి కనుపించు ఫలిత మొక్కటే: కచేరీలో పని నిలిచిపోవును. కనుక పని నిలిచిన దన్నంత మాత్రమున కారణము తెలిసినట్లు కాదు.

ఈ విషయము తేటపడుటకై ఒక యింటి వృత్తాంతమును చెప్పెదను.

పల్నాటి సీమలో రెంటచింతల ప్రాంతము వేసవి యెండలకు పేరు పొందినది. అచ్చటి యొక యింట ఎనిమిదేండ్ల నాటి కంప్యూటరు కలదు. ఇంటి యిల్లాలు మహిళా పొదుపు సంఘపు లెక్కలను దానిలో వ్రాయుచుండును. ఆమె కుమార్తె ఎనిమిదవ తరగతి చదువుచున్నది. ఆ బాలిక నాయనమ్మ దంపుళ్ల పాటలు పాడుటలో మిక్కిలి నేర్పరి. ఆమె బ్రదికియుండగా పాడిన 14 పాటలను ఇంటివారు రికార్డు చేసి ఆ కంప్యూటరులో నుంచిరి. ఆమె గతించి రెండేండ్లయినది. ఆ పాటలకు వేరొక నకలు లేదు.

మే నెలలో ఆ కంప్యూటరు మాటిమాటికి స్తంభింప నారంభించెను. “దీనికి వైరసు పట్టినది” అని తండ్రి యనెను. “ముసలిదైనది, మార్చవలసినదే” అని తల్లి యనెను. పొరుగింటి యువకుడు వచ్చి చూచి, “ఇందులో నేమున్నది బాబాయ్! ఫార్మాటు చేసి విండోసు మరల వేసినచో సరిపోవును” అనెను. ఫార్మాటు చేయుట యనగా, వ్రాసిన పలకను తుడిచి క్రొత్త పలకవలె చేయుట వంటిది.

“అన్నయ్యా, మరి నాయనమ్మ పాటలో?” అని బాలిక యడిగెను.

ఆ యువకుడు కీబోర్డుపై నుంచిన చేతిని వెనుకకు తీసికొనెను. “నిజమే చెల్లీ, ఆ మాట నాకు తోచలేదు. ముందు దీని జబ్బేమో చూతము” అనెను.

నాటినుండి బాలిక ఒక నోటుపుస్తకము తెరచినది. కంప్యూటరు నిలిచినపుడెల్ల మూడు సంగతులను వ్రాసెడిది: అప్పుడు గంట యెంత, తాము చేయుచున్న పని యేమి, నిలుచుటకు ముందు కనుపించిన లేక వినిపించిన వింత యేమి. పది దినములలో యంత్రము తొమ్మిది మారులు నిలిచెను. పుస్తకమును చూడగా నొక సంగతి తేటపడెను. ఆరు మారులు మధ్యాహ్నము ఒంటిగంటకును నాలుగు గంటలకును నడుమ నిలిచినది. అప్పుడు చేయుచున్న పనికిని నిలుచుటకును సంబంధము లేదు. తక్కిన మూడు మారులు ప్రొద్దుటిపూట చల్లని వేళనే నిలిచినది. కాని ఆ మూడు మారులును పాటలున్న ఫోల్డరును తెరచినపుడే. అనగా, ఒక్క రోగముగ కనుపించినవి నిజమునకు రెండు రోగములు.

మొదట వేడి సంగతి చూచిరి. విద్యుత్తు తీగను గోడనుండి ఊడదీసి, పెట్టె ప్రక్క రేకును తొలగించిరి. ఫ్యాను రెక్కలకును, ప్రాసెసరుపై నున్న లోహపు పలకల సందులకును దుమ్ము దూదివలె పట్టియుండెను. ప్రాసెసరు పని చేయుకొలది వేడెక్కును. ఆ వేడి 100 డిగ్రీల దరిదాపులకు చేరినపుడు అనేక ప్రాసెసర్లు తమ్ము తాము కాపాడుకొనుటకై వేగమును తగ్గించుకొనును. అప్పటికిని చల్లబడనిచో యంత్ర మాగిపోవును. వేసవి మధ్యాహ్నమున గదిలోని గాలియే కాగియుండగా, దుమ్ము పట్టిన ఫ్యాను ఏమి చల్లార్పగలదు? వారు ఫ్యాను తిరుగకుండ వ్రేలితో పట్టి, మెత్తని కుంచెతో దుమ్మును తుడిచిరి. గోడ కానించియున్న పెట్టెను ఇవతలికి జరిపి, పడమటి కిటికీ యెండ దానిపై పడకుండ చేసిరి. ఆ వారము మధ్యాహ్నపు వేళలలో కంప్యూటరు ఒక్కమారైనను నిలువలేదు.

ఇచ్చట గమనింపదగిన దొకటి కలదు. వారు దుమ్ము తుడిచిననాడే విండోసును కూడ మార్చియున్నచో, దేనివలన గుణమిచ్చినదో తెలియకపోయెడిది. ఒకసారికి ఒక్క మార్పు మాత్రమే చేసి ఫలితమును చూడవలెను. రెండు మందులను కలిపి మ్రింగినవానికి ఏ మందు పనిచేసినదో తెలియదు గదా!

ఇక రెండవ రోగము. పాటల ఫోల్డరును తెరచునపుడు పెట్టెలోనుండి టిక్కు టిక్కుమను చప్పుడు వినవచ్చుచున్నదని బాలిక పుస్తకములో వ్రాసియుండెను. హార్డు డిస్కులో నున్న పళ్లెములు నిమిషమునకు 5,400 లేక 7,200 మారులు తిరుగుచుండును. వానిపై తగిలీ తగులని యెడముతో చదువు ముల్లు సంచరించును. పళ్లెముపై ఒకచోట పాడైనచో, డిస్కు ఆ చోటును విడువక మరల మరల చదువ యత్నించును. అంతవరకు విండోసు ఎదురుచూచుచుండును, తెర నిలిచిపోయినట్లుండును. డిస్కు తన లోపములను తానే లెక్క వ్రాసికొను ఏర్పాటొకటి కలదు. దానికి స్మార్టు అని పేరు. ఆ లెక్కను చూపు చిన్న ప్రోగ్రామును నడపగా, పాడైన చోట్లు అనేకములున్నట్లు తెలిసెను.

వెంటనే తక్కిన పనులన్నియు మాని, వెలుపలి డిస్కు నొకదానిని తగిలించి నకలు తీయుటకు పూనుకొనిరి. మొదట పాటలు, పిమ్మట సంఘపు లెక్కలు. 13 పాటలు వచ్చినవి. పదునాలుగవ పాట యెన్ని మారులు యత్నించినను రాలేదు. మరునాటికి ఆ డిస్కు అసలే తెరచుకొనలేదు. క్రొత్త డిస్కు వేయించిన పిమ్మట యంత్రము బాగుపడెను, లెక్కలన్నియు దక్కెను. ఆ యొక్క పాట మాత్రము మరలి రాలేదు. స్తంభించిన మొదటినాడే నకలు తీసియున్నచో అదియు దక్కియుండెడిదేమో!

కావున మొరాయించు కంప్యూటరుకు చేయవలసిన మొదటి పని మరమ్మతు కాదు, నకలు. చెడిన యంత్రమునకు బదులు మరియొకటి కొనవచ్చును. పోయిన పాటను ఏ అంగడిలోను కొనలేము.

పై వృత్తాంతములో రెండు కారణములే కనుపించినవి. తక్కిన కారణములకును వాని వాని గుర్తులు కలవు. ఒక్క ప్రోగ్రామును తెరచినపుడు మాత్రమే యంత్రము నిలిచినచో దోషము చాలవరకు ఆ ప్రోగ్రాముదే. అట్టిచో కంట్రోలు, షిఫ్టు, ఎస్కేపు అను మూడు మీటలను ఒకేసారి నొక్కినయెడల టాస్కు మేనేజరు తెరచుకొనును; బల్లనంతయు ఆక్రమించినది యెవరో అది చూపును. దానిని మూసివేసినచో తక్కినవి కదలవచ్చును. వేళాపాళా లేక, ప్రతిమారు వేరువేరు దోషసూచనలతో కుప్పకూలుచున్నచో ర్యామును శంకింపవలెను. దానిని పరీక్షించు సాధనము విండోసులోనే కలదు. ఏ సూచనయు లేక, దీపమార్పినట్లు యంత్ర మాగిపోవుచున్నచో అతివేడిమినైనను, విద్యుత్తు సరఫరానైనను పరీక్షింపవలెను. క్రొత్త ప్రోగ్రామునో క్రొత్త డ్రైవరునో చేర్చిన నాటినుండి జబ్బు మొదలైనచో, ముందు దానిని తొలగించి చూడవలెను.

సేఫ్ మోడు అను నొక మార్గము కూడ కలదు. దానిలో విండోసు అత్యవసరములైన భాగములతో మాత్రమే నడచును. ఆ స్థితిలో యంత్రము చక్కగ పని చేసినచో, దోషము తరువాత చేర్చిన ప్రోగ్రాములలోనో డ్రైవర్లలోనో యుండుటకు అవకాశ మెక్కువ. బాలిక వ్రాసిన నోటుపుస్తకము వంటిది విండోసులోనే యొకటి యున్నది. దాని పేరు రిలయబిలిటీ మానిటరు. ఏనాడు ఏ ప్రోగ్రాము కూలినదో, ఏనాడు ఏది క్రొత్తగా చేరినదో తేదీల వారీగ అది చూపును.

ఈ పద్ధతి గృహములకే గాక మహాసంస్థలకును వర్తించును. 2024 జూలై 19వ తేదీన క్రౌడ్‌స్ట్రైక్ అను భద్రతా సంస్థ పంపిన దోషయుక్తమైన నవీకరణము వలన, ప్రపంచమందంతటను సుమారు 85 లక్షల విండోసు కంప్యూటర్లు కుప్పకూలెను. విమానములు నిలిచిపోయెను, ఆసుపత్రుల పనులకు ఆటంకము కలిగెను. అప్పుడు నిపుణులు చేసినదేమి? అంతకుముందు చేరిన క్రొత్త వస్తువేదో గుర్తించి, అనేక యంత్రములను సేఫ్ మోడులో తెరచి, ఆ దోషపు ఫైలును తొలగించిరి.

లక్షణములను వ్రాసియుంచు నలవాటు కంప్యూటరంత ప్రాచీనమైనది. 1947 సెప్టెంబరు 9వ తేదీన అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమున మార్క్ 2 అను మహాయంత్రము సరిగా పని చేయకుండెను. దానిని నడపువారు ఒక్కొక్క భాగమునే వెదకుచు పోగా, ఒక రిలేలో చిక్కి చచ్చిన చిమ్మటపురు గొకటి కనుపించెను. వారు దానిని తీసి పారవేయక, దినచర్య పుస్తకములో అంటించి, ప్రక్కన వివరము వ్రాసిరి. యంత్రములలోని దోషమును ‘బగ్’ అనగా పురుగు అని పిలుచుట అంతకు పూర్వమే కలదు. నాడు నిజమైన పురుగే దొరకినది. ఆ పుస్తకమును వాషింగ్టనులోని జాతీయ మ్యూజియము భద్రపరచినది.

కొన్ని జాగ్రత్తలు కూడ తెలిసికొనవలెను. పెట్టెను తెరచునపుడు విద్యుత్తు తీగను ఊడదీయవలెను. పెద్దలు దగ్గర లేనిదే తెరువరాదు. పవర్ సప్లై పెట్టెను మాత్రము ఎన్నడును విప్పరాదు. తీగ ఊడదీసిన పిమ్మటను దానిలో ప్రాణాపాయకరమైన విద్యుత్తు నిలిచియుండవచ్చును. యంత్రము నిలిచినదని విసుగుతో మాటిమాటికి మీట నొక్కి ఆర్పరాదు. వ్రాయుచున్న దస్త్రము నడుమ తెగి చెడవచ్చును. “మీ కంప్యూటరులో వైరసు చేరినది, మేము బాగుచేయుదుము” అని టెలిఫోను చేయు అపరిచితులను నమ్మరాదు. మెకానిక్కు వద్దకు తీసికొనిపోవలసి వచ్చినచో, “చెడిపోయినది” అని యూరకొనక, ఎప్పుడు, ఏ పని చేయుచుండగ, ఏ విధముగ నిలిచినదో వ్రాసిన కాగితమును అతని చేతి కీయుడు. దస్త్రములు తుడిచివేయవలసి వచ్చినచో ముందుగా తమ్మడుగుమని చెప్పుడు.

తొందరపాటున తోచిన మొదటి కారణమే నిజమగునని నమ్ముట మనుష్య స్వభావము. ఆ యింట వైరసు అన్నవారును, ముసలితనము అన్నవారును, ఫార్మాటు అన్నవారును తెలివిలేనివారు కారు. చూడకముందే చెప్పిరి, అంతే. చూచి, వ్రాసి, పిమ్మట చెప్పుటకు విశేషమైన విద్య అక్కరలేదు. ఒక నోటుపుస్తకము, కొంచెము ఓర్పు చాలును.

విద్యార్థులారా! మీ యింటి కంప్యూటరు నేడు చక్కగ పని చేయుచున్నదా? అయినచో నకలు తీయుటకు ఇదియే తగిన సమయము.