వరద వేళ గృహరక్షణ

నీరు ప్రాణాధారం, కట్ట తెగిన నీరు ప్రాణాంతకం. 1908 సెప్టెంబరు 28న హైదరాబాదు నగరం ఈ సత్యాన్ని అనుభవించినది. పెద్దలు ‘తుగ్యానీ’ అని స్మరించే ఆ మూసీ వరదలో వేలాది ప్రజలు మరణించారు. ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ తన తల్లిని, భార్యను, కుమార్తెను ఆ వరదలోనే కోల్పోయినాడు. ఎగువ చెరువుల కట్టలు తెగుట ఆ విపత్తును మరింత ఉధృతం చేసినది. 2020 అక్టోబరులో గుర్రం చెరువు కట్ట తెగి పాతనగరపు బస్తీలు మునిగినపుడు అదే పాఠం పునరావృతమైనది.

గడ్డపోతారం ప్రాంతంలో చెరువులతోపాటు రసాయన పరిశ్రమలు కూడా కలవు. పొరుగున ఉన్న పటాన్‌చెరు, బొల్లారం పారిశ్రామికవాడల కాలుష్యంపై 1990లోనే సుప్రీంకోర్టులో వ్యాజ్యం దాఖలైనది. కావున ఇచ్చటి వరదనీటిని కేవలం వాననీరని భావించరాదు.

నీరు గడప తాకకముందే మెయిన్ స్విచ్చును, గ్యాస్ సిలిండరును కట్టివేయవలెను. నీరు చేరిన పిదప స్విచ్చును ముట్టరాదు. సర్టిఫికెట్లు, రేషన్ కార్డు, మందులు, టార్చిలైటు ప్లాస్టిక్ సంచిలో భద్రపరచి, మంచినీటి బిందెకు మూతపెట్టి ఎత్తైన చోట ఉంచవలెను. వృద్ధులను, పిల్లలను ముందుగా తరలించవలెను. మోకాలి లోతు పారే నీరైనను మనిషిని పడవేయగలదు.

నీరు తీసినంత మాత్రాన ప్రమాదం తొలగదు. నానిన మట్టిగోడలు తరువాత కూలవచ్చును. సామానుల మాటున పాములు చేరును. కర్రతో కదిపి చూడవలెను. తడిసిన వైరింగును ఎలక్ట్రీషియన్ పరీక్షించనిదే కరెంటు వేయరాదు. వరదనీరు సోకిన బియ్యం, పప్పులు పారవేయవలెను. నేలను బ్లీచింగ్ పౌడరుతో కడుగునపుడు దానిలో యాసిడ్ కలుపరాదు. విషవాయువైన క్లోరిన్ వెలువడును.

అన్నిటికన్న ముఖ్యమైనది త్రాగునీరు. కాచుట వలన సూక్ష్మజీవులు నశించును గాని, కరిగిన రసాయనాలన్నీ తొలగవు. నీరు ఆవిరైన కొద్దీ కొన్ని మరింత చిక్కబడును. కనుక మునిగిన బావి, బోరు నీటిని పరీక్ష జరిగేవరకు వంటకు సైతం వాడరాదు. బయటినుండి తెచ్చిన శుద్ధజలమే శరణ్యం. విరేచనాలు పట్టుకొన్నచో లీటరు శుద్ధజలంలో ఆరు చిన్న చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, చెంచాల అంచుకు సమంగా కొలిచి కలిపి, కొద్దికొద్దిగా త్రాగించి వైద్యుని చూడవలెను.

విద్యార్థులారా! “కాచిన నీరు క్షేమమే కదా” అని నమ్మే తల్లులు మన వీథులలో ఎందరో కలరు. తరగతిలో నేర్చిన రసాయనశాస్త్రాన్ని వానాకాలం రాకముందే పది ఇళ్లకు చేర్చినచో, మన చదువు సార్థకమగును.