సగములో నిలిచిన బేరములు

సోలాపురము,
దాజీపేట.

చిరంజీవియగు మేనల్లునికి మేనమామ ఆశీర్వదించి వ్రాయునది.

నీ జాబు అందినది. ఇప్పుడు పనిచేయుచున్న ఆఫీసు విడిచి పూనాలో మరియొక సంస్థలో చేరనున్నావనియు, ఇచ్చట నీవు కుదిర్చిన బేరములు కొన్ని సగములో నిలిచియున్నవనియు, వాని కమీషను నీకు దక్కునో దక్కదో తెలియక తల్లడిల్లుచున్నావనియు వ్రాసితివి. రాజీనామా ఇంకను ఇయ్యలేదన్న వాక్యము చదివి స్థిమితపడితిని. ఏలయన, ఈ విషయమున చేయదగిన దానిలో అధికభాగము ఆ కాగితము యజమాని చేతికి చేరకమునుపే చేయవలసియున్నది. చేరిన పిదప వారికి నీతో అవసరము తీరిపోవును.

మన ఊరి తూర్పు వాడయగు పూర్వభాగములో ఏ కార్ఖానాలోనైనను, చద్దరు నేయు కార్మికుడు మగ్గపు బీము మీది నూలు సగములోనుండగ మరియొకచోటికి పోదలచినయెడల, నేసిన చద్దరులు లెక్కించి కూలి కట్టి, అతడు ముందుగ తీసికొనిన ఉచల్ మినహాయించి, మిగిలినది చేతిలో పెట్టుదురు. బీము మీది నూలు వెనుక వచ్చినవాడు నేసికొనును, ఆ కూలి వానిది. చద్దరు కంటికి కనబడు వస్తువు గనుక అందు తగవునకు తావు తక్కువ. ఇండ్ల బేరము అట్టిది కాదు. నీవు కొనువారిని వెంటబెట్టుకొని మండుటెండలో జులే సోలాపురమంతయు త్రిప్పినదియు, వారి యింటి పెద్దను ఒప్పించినదియు, ధర తెగక లేచిపోయినవారిని మరల పిలిచి కూర్చుండబెట్టినదియు ఎవరి ఖాతాలోను ఎక్కదు. క్రయపత్రమగు ఖరేదీఖత్ మీద సంతకములు పడిననాడు మాత్రమే అది యంతయు ఒక్కసారిగ సొమ్మై కనబడును. ఆనాడు నీవు పూనాలో నుందువు. సబ్‌రిజిస్ట్రారు బల్లయెదుట నిలుచున్నవాడే ఆ బేరము తెచ్చినవాడుగ అందరికిని తోచును. ఆ కచేరీ అరుగుమీద దస్తావేజులు వ్రాసి బ్రతికినవాడను గనుక ఇట్టి తగవులు చాల చూచితిని. మోసగాండ్ర వలన పుట్టినవి వానిలో కొన్నియే. ప్రతిఫలము ఏ ఘడియనుండి ఎవరిదో ముందుగ వ్రాసికొనకపోవుటవలన మంచివారి నడుమ పుట్టినవే పెక్కు.

చట్టము చెప్పునది వినుము. 1872 నాటి కాంట్రాక్టు చట్టము 219వ సెక్షను ప్రకారము, వేరుగ ఒప్పందము లేనియెడల, ఏజెంటునకు ప్రతిఫలము పని పూర్తియైన పిదపనే రావలసినదగును. ఇది నీకు ప్రతికూలముగ తోచును; కాని కొనువారిని సమకూర్చుటతో దలాలు పని పూర్తియైనట్లా, దస్తావేజు నమోదగువఱకు కానట్లా అనునది ఆ ఒప్పందపు మాటలనుబట్టి తేలవలసినది. కలకత్తాలో 1943లో ఒక యింటి యజమాని నెల గడువు పెట్టి దలాలుకు పత్రము వ్రాసియిచ్చెను. దలాలు గడువులోపల కొనువారిని తెచ్చెను. యజమాని పిమ్మట అతని అధికారమును రద్దుపరచి, తుదకు ఆ కొనువారు చూపిన మనిషికే ఇల్లు అమ్మెను. అబ్దుల్లా అహ్మద్, అనిమేంద్ర కిసెన్ మిత్తర్ల నడుమ నడచిన ఆ వ్యాజ్యము సుప్రీంకోర్టు వఱకు పోయి, 1950లో దలాలుకు కమీషను ఇయ్యవలసినదేయని తీర్మానమయ్యెను. అచ్చట న్యాయమూర్తులు ముఖ్యముగ పరిశీలించినది ఆ పత్రములోని పంక్తులనే యని నీవు గుర్తుంచుకొనుము.

అయితే నీవు జీతగాడవు. ఆ దలాలుకు ఇంటి యజమానితో నేరుగ ఒడంబడిక కలదు. నీ ఒడంబడిక ఆఫీసుతో మాత్రమే. కావున కొనువారినిగాని అమ్మువారినిగాని నీవు చేయిచాచి అడుగరాదు, నీ నియామకపత్రమే నీకు ప్రమాణము. నీవు పంపిన నకలులో, సంస్థకు సొమ్ము ముట్టిన పిదపనే ఇన్సెంటివు ఇయ్యబడుననియు, ఉద్యోగము విడిచినవారికి తర్వాత ముట్టిన సొమ్ముపై హక్కు లేదనియు ఉన్నది. ఇట్టి షరతును కోర్టులో ఎదుర్కొనుట అసాధ్యమని చెప్పను. కాని వకీలు ఫీజు, వాయిదాలు, పూనానుండి రాకపోకలు లెక్కవేసినచో వచ్చు సొమ్ముకంటె పోవు సొమ్మే హెచ్చగునేమో యని నా శంక. అందువలన మాటతోనే, ఇప్పుడే, తేల్చుకొనుము. అదే పత్రములో, విడిచిన పిదప రెండేండ్లు ఈ వ్యాపారమే చేయరాదన్న షరతు చూచి బెదరితివి గదా, దానికి బెదరకుము. ఉద్యోగము విడిచిన పిమ్మట బ్రతుకుతెరువును నిషేధించు ఒప్పందము కాంట్రాక్టు చట్టము 27వ సెక్షనునుబట్టి చెల్లదు. కాని ఆఫీసువారి కొనుగోలుదార్ల పట్టికను ఫోనులో నకలు చేసికొని పోవుట వేరు విషయము; అది చేసినచో నేను నీ పక్షమున మాటాడను.

ఇక నీ బేరములు. అక్కలకోట రోడ్డు ప్లాటునకు బయానా రసీదగు విసార్ పావతీ అయినది, అమ్మకపు ఒప్పందమగు సాఠేఖత్ నమోదైనది, వ్యవసాయేతర వినియోగపు ఎన్.ఏ. ఉత్తరువు కొఱకు ఖరేదీఖత్ ఆగినది. ధర తేలెను, మనుష్యులు తేలిరి, మిగిలినది సర్కారు పని. ఇందు నీ హక్కు బలమైనది. పూర్తి భాగము అడుగుము, మరీ బిగిసినచో ముప్పాతికకు దిగుము. రెండవ బేరమగు ఫ్లాటు సంగతి అట్లు కాదు. అగ్రిమెంటు నమోదైనను బ్యాంకు ఋణము ఇంకను మంజూరు కాలేదు. నీవు పోయిన పిదప ఆ కుటుంబమును బ్యాంకు చుట్టు త్రిప్పి, అడిగిన కాగితమెల్ల తెచ్చియిచ్చి, కస్సుబుస్సులన్నియు ఓర్చుకొనువాడు నీ స్నేహితుడో, క్రొత్తగ చేరిన పిల్లవాడో అగును. వానికి సగము విడువుము. విడుతునని నీవే మొదట చెప్పినచో యజమానికి నీ లెక్కపై నమ్మకము కుదురును, ఆ పిల్లవాడును నీకు శత్రువు గాక సాక్షి యగును. ఒకపరి వచ్చి చూచి పోయిన కుటుంబముల పేర్లు మాత్రము చేర్చకుము. అవి చేర్చిన, నిజమైన రెండింటికిని విలువ పోవును.

ఇవి ఒక పుటలో వ్రాయుము. కొనువారి పేరు, ఆస్తి గుర్తు, నీవు మొదట చూపిన తేది, విసార్ తేది, నమోదు సంఖ్య, మిగిలిన పని, అది చూచుకొనువారు, నీ భాగము, సంస్థకు సొమ్ము ముట్టిన ఎన్ని దినములలో నీకు చెల్లింపవలెనో అదియు. యజమాని సంతకము, ముద్ర వేయించుము. సంతకము దగ్గర మొగమాటపడినచో, మనము మాటాడుకొన్నది ఇదియేయని మర్యాదగ ఈమెయిలు పంపి, సరియేయని ఒక పంక్తి జవాబు తెప్పించుకొనుము.

పోవునాడు లెక్క తేల్చి మరియొక కాగితము ముందు పెట్టుదురు. ఈ సంస్థనుండి నాకు రావలసినదేమియు లేదని అందుండును. చివరి జీతము చేతబడుచున్నదన్న సంతోషమున నీ యీడువారెల్లరు చదువకయే వ్రాలు పెట్టుదురు. నీవు సంతకమునకు పైన, ఫలానా తేది పట్టికలోని కమీషను మినహా, అని నీ చేతివ్రాతతో చేర్చి, ఫొటో తీసికొని, పిదపనే ఇయ్యుము. ఆ పంక్తి వ్రాయనీయమన్నచో పట్టికపై సంతకము చేసినది ఏలయని అడుగుము.

పూనానుండి నెలనెలా ఫోను చేసి బ్రతిమాలనక్కరలేదు. నమోదైన దస్తావేజులను రిజిస్ట్రేషను శాఖ వెబ్‌సైటులో ఎవరైనను వెదకవచ్చును. దస్తావేజు సారాంశమగు ఇండెక్స్ టూలో అమ్మినవారు, కొన్నవారు, మొత్తము, నమోదు తేది కనబడును. ఇంకను కాలేదని వారనునపుడు ఆ పుట పంపిన చాలును. ఇచ్చితిమని వారనునపుడు నీ పాను సంఖ్యపై ఆదాయపుపన్ను శాఖవారి పట్టికలో పన్ను కోత చూపిరో లేదో చూడుము. ఎంత మంచితనమైనను సొమ్ము రావలసిన నాటినుండి మూడేండ్లు దాటనీయకుము, అటుపిమ్మట దావాకు కాలము మించును.

నీ కమీషను తేలువఱకు ఖరేదీఖత్ కొంత ఆపుమని కొనువారి చెవిలో వేయుమని నీ మిత్రుడెవడో సలహా యిచ్చెనని వ్రాసితివి. ఆ వాక్యము నాకు నచ్చలేదు. ఆ ఫ్లాటు కొనువారు ఎవరు? తాతల కాలమున తెలంగాణమునుండి వచ్చి, నేటివఱకు మరమగ్గపు సాంచాల మ్రోతలో అద్దె గదులలో కాపురమున్నవారు. ఇల్లాలు బీడీలు చుట్టగ, మగవాడు మగ్గము నడుపగ, రూపాయి రూపాయి కూడబెట్టిన సొమ్ము అది. 2006లో మన ఊరి చెంత కుంభారిలో నాయకురాలు గోదూతాయి పరుళేకర్ పేరిట బీడీ కార్మిక స్త్రీలకు పదివేల యిండ్లు అప్పగించిననాడు మన వాడ పొందిన సంతోషము నీ తల్లిని అడుగుము, చెప్పును. నీ కమీషను కొఱకు అట్టివారి దస్తావేజు ఒక్కదినమాగినను, ఋణపు గడువు మించి వారు నష్టపడవచ్చును. నీకును ధర్మముతోపాటు సొమ్మును పోవును, తప్పు నడవడితో చేసిన పనికి ఏజెంటునకు ప్రతిఫలము లేదని కాంట్రాక్టు చట్టమే 220వ సెక్షనులో చెప్పుచున్నది. ఆఫీసు మారుచున్నానని, ఇకమీదట ఫలానావారు మీ పని చూతురని, వారి యింటికి పోయి నీవే చెప్పి రమ్ము.

ముందుముందు సొంతముగ దలాలీ చేయు తలంపున్నచో మహారాష్ట్ర స్థిరాస్తి నియంత్రణ సంస్థయగు మహారేరాలో ఏజెంటుగ నమోదు కాకుండ అడుగు పెట్టకుము. 2016 నాటి రేరా చట్టము 9వ సెక్షనునుబట్టి, ఆ నమోదు లేనిదే రేరాలో చేరిన ప్రాజెక్టుల బేరము చేయరాదు. చేసినను, కమీషను అడుగబోవునాడు నీ నోరు నీకే పెగలదు.

ఆదివారము రాగలిగినచో పట్టిక చిత్తు తెమ్ము. మరాఠీలో తిరుగవ్రాసి యిచ్చెదను, మీ యజమానికి ఇంగ్లీషుకంటె అది హాయి. నియామకపత్రము అసలు కూడ తెమ్ము, నీవు పంపిన జిరాక్సులో చివరి పుట అడుగున రెండు పంక్తులు కనబడుట లేదు. అంతవఱకు రాజీనామా పెట్టెలోనే యుండనిమ్ము.

ఇట్లు,
ఆశీర్వచనములతో,
మేనమామ.