పండ్లకు పేస్టు: ఎన్నిక, వాడుక

నాగలికఱ్ఱు అరిగినచో కమ్మరివద్ద క్రొత్తది వేయించుకొనవచ్చును. కాని పాలపండ్లు రాలిన పిదప మొలచిన పన్ను ఒకసారి చెడినచో దానికి బదులు మరియొకటి మొలవదు. ఇంతటి విలువగల పండ్ల విషయమున మనము చూపు శ్రద్ధ మాత్రము స్వల్పము. సంతలో ఏ డబ్బాపై బొమ్మ అందముగా నున్నదో, ఏది నోటికి చల్లగా తగులునో దానినే కొని తెచ్చుకొనుచున్నాము.

నల్లగొండ జిల్లాలోని ఒక గ్రామమునకు మేము పనిమీద వెళ్ళినప్పుడు సంతలో ఒక తల్లి మమ్ము ఆపినది. ఆమె చేతిని పట్టుకొని పదేండ్ల కుమారుడును, చంకలో మూడేండ్ల కుమార్తెయు నుండిరి. ఆమె కుమారుని పెదవి ఎత్తి చూపి, “సారూ, మా పిలగాని పండ్లు గిట్ల పచ్చగయినయి. ఏ పేస్టు రుద్దితె తెల్లగయితయి?” అని అడిగినది. అప్పటికే మూడు రకముల పేస్టులు మార్చినదట. ఇటుకపొడితో కూడ రుద్దించినదట. మేము వెంటనే సమాధానము చెప్పలేకపోతిమి. పిమ్మట దంతవైద్యుని వద్దకు వెళ్ళి తెలిసికొన్న సంగతులను మా పాఠకులందరికిని ఉపయోగపడునని ఇచట వ్రాయుచున్నాము.

పన్ను ఎట్లు చెడును?

పన్నుపై నుండు తెల్లని పొరను పింగాణి పొర అందురు. మన శరీరములో దీనికన్న గట్టి పదార్థము లేదు. అయినను ఆమ్లమునకు ఇది లొంగును. మనము తిన్న బెల్లము, చక్కెర, మిఠాయి, బిస్కట్టు పండ్ల సందులలో నిలిచినపుడు, అచట నుండు సూక్ష్మక్రిములు వానిని తిని ఆమ్లమును పుట్టించును. ఆ ఆమ్లము పింగాణిలోని సున్నపు లవణములను కరగించును. లాలాజలము ఆ లోటును కొంతవరకు పూడ్చును. కాని గంటకొకసారి తీపి తినుచుండినచో పూడ్చుటకు వ్యవధి చాలదు. అప్పుడు పన్ను పిప్పిపట్టును.

క్రిములతో కూడిన జిగురుపొరయే పాచి. దానిని దినదినము తొలగింపనిచో గట్టిపడి గార యగును. గార చిగుళ్ళను వాపజేయును, రక్తము కారును, కడకు గట్టి పన్ను సైతము కదలి ఊడిపోవును. గారను ఏ పేస్టును కరగింపజాలదు. దంతవైద్యుడు పనిముట్లతో తీయవలసినదే.

పేస్టులో ఏమున్నది?

ఏ పేస్టునందైనను ముఖ్యముగా కొన్ని పదార్థములే యుండును. పాచిని రాచి తీయుటకు సుద్ద లేక సిలికా పొడి, తడి ఆరకుండుటకు గ్లిసరిను వంటి ద్రవము, నురుగు వచ్చుటకు ఒక రసాయనము, రుచికి పుదీనా సత్తు లేక లవంగము. ఇవిగాక పెక్కు పేస్టులలో ఫ్లోరైడు అను లవణము కలుపుదురు.

నురుగు ఎక్కువగా వచ్చిన పేస్టు మంచిదని పలువురు తలంతురు. అది పొరపాటు. నురుగు పేస్టును నోరంతయు వ్యాపింపజేయునే గాని పన్నును గట్టిపరచదు. నోరు చల్లబడుట రుచివలన కలిగినది మాత్రమే. పండ్లు తెల్లబడునని చెప్పి అమ్ము పేస్టులు తేనీరు, తమలపాకుల వలన పైపైన పట్టిన మరకలను కొంత తగ్గించును. పన్ను లోపలి రంగును మార్చజాలవు. పన్ను జివ్వుమన్నప్పుడు వాడుటకై పొటాసియం నైట్రేటు కలిపిన పేస్టులు కలవు. కొన్ని వారములు వాడినగాని గుణము కనిపింపదు. పన్నులో గుంట పడియుండగా నొప్పిని అణచుకొనుటకు వీనిని వాడుచు కాలము గడుపరాదు.

పిప్పిపన్నును నివారించుటలో ఫలము రుజువైనది ఫ్లోరైడు. ఇది పన్ను ఉపరితలమున చేరి, కరగిపోయిన లవణములు మరల చేరుటకు తోడ్పడును. ఆమ్లమునకు ఎక్కువగా ఓర్చు పొరను ఏర్పరచును. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫ్లోరైడు పేస్టును అత్యవసర ఔషధముల జాబితాలో చేర్చినది.

ఒకే పదార్థము: మేలు, కీడు

మేలు చేయు ఆ ఫ్లోరైడే నల్లగొండ బాలుని పండ్లను పచ్చబరచినది. అది పేస్టువలన కాదు, త్రాగునీటివలన. మన ప్రాంతమున ఈ వ్యాధి క్రొత్తది కాదు. నాటి నెల్లూరు జిల్లాలోని గ్రామములలో ఇది ప్రబలియున్నట్లు షార్ట్, పండిట్, రాఘవాచారి అను శాస్త్రజ్ఞులు 1937లోనే ప్రకటించిరి. నీటిలో ఫ్లోరైడు లీటరుకు 1 మిల్లీగ్రామునకు మించకుండుట మేలనియు, వేరు నీరు లేనిచోట 1.5 మిల్లీగ్రాములకు మించరాదనియు మన దేశ ప్రమాణము. అంతకు మించిన నీటిని ఏండ్ల తరబడి త్రాగినచో పండ్లకు మరకలు, ఇంకను మించినచో ఎముకలకు వంకరలు కలుగును.

ఇచట ఒక సంగతి గుర్తింపవలెను. చిగురు లోపల పన్ను తయారగుచున్న కాలమున, అనగా సుమారు ఎనిమిదేండ్లలోపున, కడుపులోనికి పోయిన ఫ్లోరైడే ఈ మరకలకు కారణము. మొలచిన పన్నుపై పూసి ఉమ్మివేసిన ఫ్లోరైడు మరకలను కలిగింపదు. కావున మ్రింగుట కీడు, పూసి ఉమ్మివేయుట మేలు.

లెక్క చూతము. 1,000 పి.పి.యం. అని వ్రాసిన పేస్టులో గ్రామునకు 1 మిల్లీగ్రాము ఫ్లోరైడు ఉండును. బటాణిగింజంత పేస్టు సుమారు పావు గ్రాము. అందు పావు మిల్లీగ్రాము మాత్రమే. లీటరుకు 3 మిల్లీగ్రాములున్న బోరునీటిని ఒక లీటరు త్రాగిన బిడ్డకు 3 మిల్లీగ్రాములు చేరును. బటాణిగింజంత పేస్టు పండ్రెండుసార్లు మ్రింగినదానితో ఇది సమానము! అట్లని పేస్టు మ్రింగనిచ్చుటయు తగదు. నీటిలోనే ఎక్కువగా నున్నచోట ప్రతి కొంచెమును లెక్కకు వచ్చును.

పుల్లలు, పొడులు

వేపపుల్ల, గానుగపుల్ల, ఉత్తరేణిపుల్ల మన పెద్దలు వాడినవి. చివరను మెత్తగా నమలి, చిగుళ్ళను గాయపరచకుండ తోమినచో పాచి పోవును. అయితే వానిలో ఫ్లోరైడు మేలు లేదు. ఇటుకపొడి, ఇసుక, బొగ్గుపొడి, గరుకు ఉప్పు వాడుట తగదు. అవి మొదట తెల్లదనము చూపినను పింగాణి పొరను అరగదీయును. పొర అరిగినకొలది లోపలి పసుపురంగు బయటపడును. అరిగిన పొర మరల పెరుగదు.

ముక్కుపొడితోను, పొగాకు కలిపిన పొడితోను పండ్లు తోముకొను అలవాటు కొన్ని ఇండ్లలో, ముఖ్యముగా పెద్ద వయసు స్త్రీలలో, నేటికిని కనిపించును. నొప్పి తగ్గినట్లు తోచుటయే దీనిలోని మోసము. అది వ్యసనమై, నోటి క్యాన్సరుకు దారితీయవచ్చును. పేస్టులలోను పళ్ళపొడులలోను పొగాకు కలుపుటను 1992లోనే కేంద్రప్రభుత్వము నిషేధించినది.

కొనునప్పుడు చూడవలసినవి

అట్టపెట్టెపై ఫ్లోరైడు ఉన్నదో లేదో, ఉన్నచో ఎంతయో చదువవలెను. మన దేశపు నియమముల ప్రకారము అది 1,000 పి.పి.యం. మించరాదు, ఆ సంఖ్యయు, గడువుతేదీయు ముద్రింపవలెను. గడువు దాటినది కొనరాదు. ట్యూబు చివరనున్న ఆకుపచ్చ, నలుపు గీతలను బట్టి మందు, రసాయనము అని నిర్ణయించుట కేవలము అపోహ. అవి ట్యూబును సరియైన చోట కత్తిరించుటకు యంత్రమునకు గుర్తులు. వెల ఎక్కువయైనంత మాత్రమున గుణము ఎక్కువ కాదు.

తోముకొను విధము

ఉదయమునను, రాత్రి పండుకొనుటకు ముందును, మెత్తని కుచ్చుగల బ్రష్షుతో రెండేసి నిమిషములు తోమవలెను. రెంటిలో రాత్రి తోముట మరింత ముఖ్యము. ఏలయన నిద్రలో లాలాజలము తగ్గును. పేస్టును ఉమ్మివేసి, పుక్కిలించుట తగ్గించినచో ఫ్లోరైడు పన్నుపై కొంతసేపు నిలుచును. మూడేండ్ల లోపు పిల్లలకు బియ్యపుగింజంత, మూడు మొదలు ఆరేండ్ల వారికి బటాణిగింజంత పేస్టు చాలును. దానిని పెద్దలే బ్రష్షుపై వేసి, దగ్గరనుండి ఉమ్మించవలెను. తియ్యగా నున్నదని పిల్లలు పేస్టు తినకుండ ట్యూబును అందని చోట నుంచవలెను.

ఆ తల్లికి చెప్పిన మాట

మరల ఆ గ్రామమునకు వెళ్ళినప్పుడు మేము ఆమె ఇంటికి పోయి ఉన్నమాట చెప్పితిమి. “అమ్మా, నీ కుమారుని పండ్లమీది మరకలు పన్ను లోపలివి. ఏ పేస్టుకును పోవు. ఇటుకపొడి మానిపించుము. వయసు వచ్చిన పిదప దంతవైద్యుడు కొంత బాగుచేయగలడు.” ఆమె తల వంచుకొన్నది. కాని చంకలోని చిన్నదాని స్థిరమైన పండ్లు ఇంకను చిగురు లోపలనే తయారగుచున్నవి. వానిని కాపాడుట ఆమె చేతిలోనే యున్నది.

2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ పథకము క్రింద వచ్చు కృష్ణానీటిని వంటకును త్రాగుటకును వాడవలెను. బోరునీరు తప్పనిసరియైనచో ముందుగా గ్రామీణ నీటి సరఫరా శాఖవారిచే పరీక్ష చేయించుకొనవలెను. కాచినంత మాత్రమున ఫ్లోరైడు పోదు. నీరు ఆవిరియై మిగిలినదానిలో అది మరింత చిక్కబడును. ఉమ్మివేయుట నేర్చువరకు ఆ చిన్నదానికి ఫ్లోరైడు లేని పేస్టు చాలునని వైద్యుడు చెప్పెను. పెద్దలు మామూలు ఫ్లోరైడు పేస్టు వాడి ఉమ్మివేయవచ్చును.

ఆమె అంతయు విని, లోపలికి పోయి, బోరునీటి బిందెను పెరటిలోనికి తరలించినది. “ఇగ గిది గిన్నెలు తోముతందుకే” అన్నది. పేస్టు ఎన్నికకు ముందు నీటి ఎన్నిక జరుగవలెనని మేము ఇంత వ్రాసి చెప్పవలసిన సంగతిని ఆమె ఒక్క పనితో చూపినది.