చలికాలంలో చెరువు చేప ఎక్కడుంటుంది?

చేప శీతల రక్త జంతువు అని చదివాము, పరీక్షలో రాశాము, మార్కులు తెచ్చుకున్నాము. ఆ ఒక్క మాటకు ఎంత పని ఉందో సంక్రాంతి సెలవుల్లో గాని తెలియలేదు.

మాలో ఒకరి తండ్రి ఊరి మత్స్య సహకార సంఘం సభ్యుడు. ఒడ్డు నుండి విసురు వల వేసి ఇల్లు నడుపుతాడు. ఎండాకాలం అలవాటు చొప్పున తెల్లవారుజామునే చెరువుకు పోయి, వరుసగా నాలుగు రోజులు ఖాళీ వలతో వచ్చాడు. సెలవులయ్యాక మా మిత్రుడు హాస్టలుకు తిరిగి వచ్చే బస్సు ఛార్జీకి ఆ చేపలే ఆధారం. మేము పుస్తకం తీశాము.

శీతల రక్తం అంటే ఎప్పుడూ చల్లగా ఉండే రక్తం కాదు. నీటి వేడి ఎంతో చేప ఒంటి వేడి దాదాపు అంతే. బొచ్చె (కట్ల), రవ్వ (రోహు) చేపలకు 25 నుండి 30 డిగ్రీల సెంటీగ్రేడు నీరు అనుకూలం. నీరు చల్లబడితే అరుగుదల మందగించి, మేత, తిరుగుడు రెండూ తగ్గుతాయి. పైగా చల్లని నీటిలో ఆక్సిజన్ ఎక్కువ కరుగుతుంది. లీటరు నీటిలో 30 డిగ్రీల వద్ద సుమారు 7.5 మిల్లీగ్రాములు, 20 డిగ్రీల వద్ద సుమారు 9 మిల్లీగ్రాములు పడుతుంది. అందుకే ఎండాకాలం వేకువన ఊపిరి చాలక పైకి తేలే చేప, చలికాలంలో ఆ అవసరం లేక అడుగునే ఉంటుంది.

రాత్రి ఒడ్డు పక్క నీరు త్వరగా చల్లబడుతుంది, తూము దగ్గరి లోతు నీరు అంత త్వరగా చల్లబడదు. వేకువన చేప ఆ లోతులోనే ఉంటుంది. వల అడుగుకు దిగేలోగా తప్పుకుంటుంది. ఎండ ఎక్కాక మోకాటి లోతు నీరే ముందు వేడెక్కుతుంది, చేప అటు వస్తుంది. చలికాలపు సూర్యుడు దక్షిణానికి ఒరిగి ఉంటాడు కనుక దక్షిణపు ఒడ్డు చెట్ల నీడ నీటిమీద పడుతుంది, ఉత్తరపు ఒడ్డుకు మాత్రం ఎండ బాగా తగులుతుంది. థర్మామీటరు అక్కరలేదు, రెండు చోట్లా చెయ్యి ముంచి చూస్తే చాలు. లకుముకి పిట్ట కూడా ఆ ఎండ ఒడ్డునే కూర్చుంది. దానికి పరీక్షలు లేవు!

మధ్యాహ్నం వల వేయమని చెప్పడానికి మాకు ధైర్యం చాలలేదు, మా మిత్రుడే చెప్పాడు. ఆయన నవ్వాడు గాని వచ్చాడు. నాలుగు జెల్లలు, ఒక రవ్వ పడ్డాయి. గొప్ప కాదు గాని వల ఖాళీగా రాలేదు.

"కొర్రమట్ట ముచ్చట మీ బుక్కుల లేదా బిడ్డా?" అని అడిగాడు. మేము తెల్లమొహం వేశాము. కొర్రమట్ట గాలిని కూడా పీల్చే చేప, ఎంత చలిలోనైనా పైకి రాక తప్పదు. తుంగ పక్కన నీరు చటుక్కున గుండ్రంగా కదిలి సర్దుకుంటే అది దాని జాడేనట. అక్కడ వల వేస్తే తుంగకు చిక్కి చిరుగుతుంది. గాలానికి చిన్న కప్పను గుచ్చి, చప్పుడు కాకుండా దించాలని ఆయన చేసి చూపించాడు.